తొంభై రెండు మీటర్ల రాయి

ఇరవై ఒక్క మీటర్ల లోతులో చెయ్యి చాపి చూస్తే తాడు లేదు.

అరనిమిషం కిందట ఉంది. అడుగున రాతి మీద దించిన ఇనుప దిమ్మకీ, పైన తేలే బుడగకీ మధ్య బిగుతుగా నిలబడ్డ తాడు. దాన్ని ఎడమ మోచేతి మడతలో ఇరికించుకుని, నోట్లోని గొట్టం తీసేసి పక్క సిలిండర్ గొట్టం పెట్టుకుంటున్నాను. అడుగున పీల్చే గాలి వేరు, ఇక్కడినుంచి పైకి పీల్చే గాలి వేరు. మార్చుకోవడానికి రెండు చేతులూ కావాలి. పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లలోనే తాడు ఒక్క గుంజు గుంజి మోచేతిలోంచి జారిపోయింది. పసుపు టేపు చుట్టిన గుర్తు నా కళ్ళ ముందునుంచి పైకి వెళ్ళింది. అది ఇరవై నాలుగు మీటర్ల గుర్తు. నా కాళ్ళ కింద ఉండాల్సింది.

మునిగిపోతున్నానని భయపడి, నన్ను నీళ్ళలో తేల్చే జాకెట్టులోకి గాలి కొట్టాను. తేరుకుని చూసేసరికి చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. ప్రవాహం నన్ను పక్కకి లాక్కుపోతోంది.

పోయింది తాడొక్కటే అయితే ఫరవాలేదు. ఆరు మీటర్ల దగ్గర ఆ తాడుకే నా ఆక్సిజన్ సిలిండర్ కట్టి ఉంది.

ఆ ఉదయం తొంభై రెండు మీటర్ల లోతులో పంతొమ్మిది నిమిషాలు పనిచేశాను. మేం పగడం తీసే రాయికి అక్కడ ముందుకి పొడుచుకొచ్చిన చూరు ఒకటి ఉంది. చూరు కింద, వెలుగన్నది ఎరగని చోట, పగడం తలకిందులుగా పెరుగుతుంది. దీపం పడితే ఎర్రగా రాజుకుంటుంది. సుత్తితో కొట్టి ఒకటిన్నర కిలోలు సంచిలో వేసుకున్నాను. ఆ పంతొమ్మిది నిమిషాలకి నా ఒళ్ళు ఇప్పుడు ఎనభై నిమిషాలు అడుగుతోంది. మెట్టు మెట్టుకీ ఆగుతూ వెళితే రక్తంలో కరిగిన గాలి నెమ్మదిగా ఊపిరితో బయటికి పోతుంది. ఆగకుండా వెళితే మూత తీసిన సోడా సీసానైపోతాను.

పక్క సిలిండర్‌లో ఉన్నది నలభై అయిదు నిమిషాలకే వస్తుంది. లెక్క చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను. లెక్క మారలేదు.

గాలి నింపి పైకి వదిలే సంచి ఒకటి నా దగ్గర ఉంది. వదిలాను. దాని దారం పట్టుకుని వేలాడుతూ, పద్దెనిమిది దగ్గర ఆగి, పదిహేను దగ్గర ఆగి, పైకి వెళుతున్నాను. ప్రపంచమంతా ఆ సంచి నారింజరంగులో ఉంటుంది, పడవవాళ్ళకి కనబడాలని. మా ఊరు అల్గేరోలో పగడం తీసేవాళ్ళం మాత్రం దానికి బూడిదరంగు వేస్తాం, ఎవరికీ కనబడకూడదని. సంచి కనబడితే రాయి ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే రేడియో కట్టేస్తాం. అందుకే మనిషిని దించాక పడవ అక్కడ ఉండదు. అరమైలు దూరం పోయి, గాలాలు వేసి, చేపలవాడిలా కూర్చుంటుంది. మా పడవలో అలా కూర్చునేది లుస్సోరియో, నా బావమరిది.

తాడు ఊడిందని వాడికి తెలిసి ఉంటుంది, వస్తాడు అనుకున్నాను. పన్నెండు మీటర్ల దగ్గర అనుకున్నాను. తొమ్మిది దగ్గర అనుకున్నాను. ఆరు దగ్గరికి వచ్చేసరికి చేతిలో దారం ఎగిరెగిరి పడుతోంది. పైన సముద్రం మారిపోయిందని కిందినుంచే తెలిసింది. మిస్ట్రల్ అనే వాయవ్యపు ఈదురుగాలి సాయంత్రానికి వస్తుందన్నారు. పదకొండింటికే వచ్చేసింది. అల పైకి లేచినప్పుడల్లా నన్ను నాలుగు మీటర్లకి ఎత్తేస్తోంది, దిగినప్పుడు ఎనిమిదికి తోసేస్తోంది.

సిలిండర్ ముల్లు సున్నాకి వచ్చింది. ఊపిరి లాగితే గొట్టం గట్టిపడింది. మణికట్టు మీది కంప్యూటర్ ఇంకా ముప్ఫై అయిదు నిమిషాలు ఆగమంటోంది.

పైకి వెళ్ళాను.

మా పడవ లేదు. తెల్లటి నురగ, దాని వెనక కొండ, కొండ మీద సగం కనబడే లైట్‌హౌస్. అంతలో అల వెనకనుంచి ఒక ఆకుపచ్చ పడవ ముక్కు లేచింది. దాన్ని చూడగానే నా మనసులో మొదట వచ్చిన మాట ‘బతికాను’ కాదు. ‘వీడా’ అని.

పడవలో మా ఊరి పగడాలవాడు సెరఫీనో ఒక్కడే ఉన్నాడు. చుక్కాని వదిలేసి, రెండు చేతులా నా జాకెట్టు పట్టి లోపలికి లాగాడు. అరవై ఒక్క ఏళ్ళు వాడికి.

“ఒరేయ్ ఆంటియోకో, మాట్లాడకు. ఇది నోట్లో పెట్టుకో. ఎంత మిగిలింది?”

మూడు వేళ్ళు చూపించాను, తర్వాత అయిదు.

“ముప్ఫై అయిదా? నీ దుంప తెగ!”

తన ఆక్సిజన్ నాకు పెట్టి, తాళ్ళ చుట్టల మీద పడుకోబెట్టి, పడవని రేవుకి తిప్పాడు. మొదట భుజాలు దురద పెట్టాయి. తర్వాత నడుం చుట్టూ ఎవరో పటకా బిగించినట్టయింది. కొండ మలుపు తిరిగేసరికి నా కుడికాలు నాది కాదు.

రేవు చేరేసరికి ఎడమది కూడా.

*

ఆసుపత్రిలో అయిదు రోజులూ నన్ను పూటపూటా ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టారు. ఇనుప పీపాలాంటి గది. గాలి బిగించి, మళ్ళీ మెల్లగా వదులుతారు. ఎడమకాలు తిరిగి వచ్చింది. కుడికాలు సగం వచ్చింది. మూత్రానికి గొట్టం వేశారు. యాభై అయిదేళ్ళ మగాణ్ణి, సముద్రంలో ముప్ఫై ఏళ్ళు బతికినవాణ్ణి, కూతురి వయసున్న నర్సు వచ్చి గొట్టం సరిచేస్తుంటే గోడవైపు చూసేవాణ్ణి.

రెండో రోజు లుస్సోరియో వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి.

“తాడు కోసేశారు బావా.”

సంచిలోంచి మా బుడగ తీశాడు. దానికి మీటరు తాడు వేలాడుతోంది. చివర కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉంది.

“ఎవరు?”

“నేను చూస్తూనే ఉన్నాను. సెరఫీనో పడవ కొండ తిరిగి సూటిగా మన రాయి మీదికే వచ్చి ఆగింది. కాసేపటికి బుడగ ఒక్కటే కొట్టుకొచ్చింది. నేను అందుకునేలోపు వాడు నిన్ను ఎక్కించుకున్నాడు.”

“సిలిండరో?”

“తాడుతోపాటు అడుక్కి పోయింది బావా.”

సెరఫీనో, నేను పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒకే పడవ, ఒకే రొట్టె. ఎందుకు విడిపోయారని ఊళ్ళో అడిగితే ఇద్దరమూ ఒకటే చెప్పేవాళ్ళం: కుదరలేదు. ఆ రాయి ఎక్కడుందో తెలిసినవాళ్ళం భూమ్మీద ఇద్దరమే, నేనూ లుస్సోరియో. మరి ఆ గాలిలో, ఆ అలల్లో సెరఫీనో అక్కడికి ఎలా వచ్చాడు? ఎన్నాళ్ళుగానో కాపు కాసి ఉంటాడు. అంతకంటే వేరే జవాబు లేదు.

మూడో రోజు రేవు కార్యాలయంనుంచి లెఫ్టినెంట్ బెల్త్రామీ కాగితాలతో వచ్చింది. ముప్ఫై దాటని మనిషి. మాట మెత్తగా ఉంటుంది, ప్రశ్న మాత్రం తగలాల్సిన చోటే తగులుతుంది. తాడు సెరఫీనో కోశాడని నేను చెప్పిందంతా రాసుకుంది.

“ఇది ఫిర్యాదు అయితే దాని ఫలితం మీకు తెలుసు కదా? మనిషి నీళ్ళలో ఉండగా తాడు జోలికి వెళ్ళినవాడికి పగడం పర్మిట్ జన్మలో మళ్ళీ రాదు.”

“తెలుసు మేడమ్.”

“సెరఫీనోగారు మీకు రేడియోలో అరగంటసేపు పిలుపులు ఇచ్చారట, గాలి ముందే వస్తోందని చెప్పడానికి. మీ రేడియో కట్టేసి ఉంది.”

“మేమంతా కట్టేస్తాం.”

“ఆయన తాడు కోసి ఉంటే మిమ్మల్ని రక్షించడం ఎందుకు?”

“భయపడి ఉంటాడు. చేశాక భయం వేస్తుంది కదా.”

ఆమె కలం ఇచ్చింది. సంతకం పెట్టాను. వచ్చే శుక్రవారం పదింటికి విచారణ అని చెప్పి వెళ్ళిపోయింది.

సెరఫీనోకి ఇంకే పనీ రాదు. పెళ్ళాం పోయింది. ఉన్నది ఆ పడవ, ఆ పర్మిట్. అది నాకు తెలుసు. సంతకం పెట్టేటప్పుడూ తెలుసు.

*

ఇంటికి వచ్చిన మర్నాడు కర్ర పట్టుకుని మింతోనియా బార్‌కి వెళ్ళాను. ఇంట్లో ఉంటే నా భార్య బొనారియా నా కాళ్ళకి నూనె రాస్తుంది, చిన్నపిల్లాడికి రాసినట్టు. అది భరించలేక వెళ్ళాను.

“రావయ్యా మూడు కాళ్ళ పెళ్ళికొడకా,” అంది మింతోనియా కౌంటర్ వెనకనుంచి. “కాఫీయా, లేకపోతే నడక బాగుపడేది పొయ్యనా?”

“కాఫీ చాలు.”

“ఇన్నాళ్ళూ అప్పనంగా వచ్చినా కాఫీ తాగనివాడివి. నిజంగానే జబ్బు చేసింది నీకు.”

బల్లల దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు తెరుచుకుంది. సెరఫీనో వచ్చాడు. నవ్వులు ఆగిపోయాయి.

అతను నన్ను చూశాడు, కర్రని చూశాడు.

“కాలు ఎలా ఉంది?” అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత ఊళ్ళో, నలుగురిలో అతను నాతో అన్న మొదటి మాట అది.

“నీకెందుకు?” అన్నాను. “కోసింది చాలలేదా? కాలు ఎంతవరకు చచ్చిందో కొలుచుకోవడానికి వచ్చావా?”

“ఆంటియోకో,” అంది మింతోనియా హెచ్చరికగా.

“ఉండవే, నన్ను అడగనీ. తాడు కోసి, తర్వాత దేవుడిలా దిగి వచ్చాడు. ఏం సెరఫీనో, దణ్ణం పెట్టమంటావా? కొవ్వొత్తి వెలిగించమంటావా?”

మూల బల్ల దగ్గరనుంచి ఎవరో అన్నారు: “పోనీ అదొక్కటి చెప్పు సెరఫీనో. అక్కడికి ఎలా వెళ్ళావు? వాళ్ళ రాయి సంగతి నీకెలా తెలుసు?”

అతను నోరు తెరిచాడు. నా వైపు ఒకసారి చూశాడు. మూశాడు. అడిగిన కాఫీ రాకముందే టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

“చూశారా?” అన్నాను. “జవాబు లేదు.”

మింతోనియా గ్లాసు తుడుస్తూ తలెత్తకుండా అంది: “జవాబు లేదో, ఉండి చెప్పలేదో. నాకు మగాళ్ళ మౌనాలు అర్థం కావు గానీ, ఆ మనిషి ముఖం దొంగ ముఖంలా లేదు. నువ్వు తాగి వెళ్ళు.”

*

గురువారం ఉదయం రేవు కార్యాలయంనుంచి గుమాస్తా ఒక కవరు తెచ్చాడు. నా మణికట్టు కంప్యూటర్‌లో ఉన్నదంతా కాగితం మీదికి ఎక్కించారు. చూసుకుని, సరిగ్గా ఉందని ఇంకో సంతకం పెట్టాలి.

వంటగది బల్ల మీద పరిచాను. ఒక గీత. నిటారుగా దిగి, అడుగున పంతొమ్మిది నిమిషాలు పాకి, మెట్లు మెట్లుగా పైకి వస్తుంది. ఇరవై ఒక్క మీటర్ల దగ్గర వేలు పెట్టాను. అక్కడ నేను మునిగిన గుర్తు వెతికాను.

లేదు. గీత తిన్నగా ఉంది. తర్వాత ఒక చిన్న మిట్ట, నేను భయపడి గాలి కొట్టినందుకు. మిట్ట పైకి ఉంది. కిందికి అంగుళం కూడా లేదు.

“ఏంటయ్యా అలా చూస్తున్నావు?” అంది బొనారియా. చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“ఏం లేదు. తాడు నా కళ్ళ ముందునుంచి వెళ్ళింది. నేనే దిగిపోతున్నాననుకున్నాను. దిగలేదట.”

“మరి తాడు ఎటు వెళ్ళింది?”

“పైకి.”

ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి. “కోసేస్తే కింద పడాలి కదా? పైకెలా వెళుతుంది?”

నేను మళ్ళీ గీత మీద వేలు పెట్టాను.

“పైకి వెళ్ళిందంటే పైనుంచి ఎవరో లాగి ఉండాలి. సెరఫీనో దగ్గర తాడు లాగే మోటారు గిలక లేదు, ఆ ముసలిపడవకి ఏముంది గనక. గిలక ఉన్నది మన...”

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపుకి నేను కళ్ళు దించుకున్నాను. ఆమె గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

రేవులో మా పడవ దగ్గరికి నడవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. లుస్సోరియో డెక్కు కడుగుతున్నాడు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి చెయ్యి ఇచ్చాడు. నేను అందుకోలేదు. గట్టు మీదే నిలబడ్డాను.

“సిలిండర్ ఎక్కడ పారేశావురా?”

వాడు అటూ ఇటూ చూశాడు.

“బావా, ఏంటి నువ్వు...”

“తాడు పైకి వెళ్ళింది. నేను చూశాను.”

వాడు పడవ అంచు మీద కూలబడ్డాడు. తర్వాత ఒక్కసారిగా వచ్చాయి మాటలు.

“నువ్వే కదా బావా చెప్పావు! ఇంజను చప్పుడు వినబడితే తాడు లేపెయ్యమని. మనిషి పది నిమిషాలు ఆగగలడు, రాయి పోతే మళ్ళీ దొరకదని. నాలుగుసార్లు లేపాను. నాలుగుసార్లూ నువ్వు పైకొచ్చేలోపు తిరిగి వేశాను. నువ్వేమన్నావు? శెభాష్ అన్నావా లేదా? ఆ రోజు కూడా చప్పుడు విన్నాను, వచ్చి లేపాను, దూరం వెళ్ళి గాలాలు వేసుకుని కూర్చున్నాను. వాడు దాటిపోతాడనుకున్నాను. దాటలేదు. సరిగ్గా అక్కడే తిరుగుతున్నాడు. నేను తిరిగి వస్తే రాయి చూపించినట్టే కదా! పోతాడు, ఇప్పుడు పోతాడు అని చూస్తూ కూర్చున్నాను. బైనాక్యులర్స్‌లో చూస్తే వాడు నిన్ను లాగుతున్నాడు.”

“అప్పుడు కోశావు.”

“అప్పుడు కోశాను. తాడు, సిలిండరు నీళ్ళలో పారేశాను.” ముఖం తుడుచుకున్నాడు. “బావా, సెరఫీనోకి అరవై దాటాయి. ఒకటి రెండేళ్ళలో ఎలాగూ మానేస్తాడు. ఇది బయటపడితే నన్ను ఏ పడవా ఎక్కించుకోదు. ఇద్దరు పిల్లలు నాకు. నువ్వు ఆ గీత సంగతి ఎత్తకపోతే ఎవరికీ తెలీదు. ఆ లెఫ్టినెంట్‌కి గీత చూడ్డం తెలుసు గానీ టేపు సంగతి తెలీదు. టేపు చూసింది నువ్వొక్కడివే.”

కుదరదు అనాలి. కర్ర తిప్పుకుని వెనక్కి వచ్చేశాను. వాడు దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. వెనకనుంచి “నీ మేలు మర్చిపోను బావా” అని కేకేశాడు. గట్టు మీద ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. నా చెవులు కాలిపోయాయి.

శుక్రవారం పొద్దున్న బొనారియా నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. గుండీలు తనే పెట్టింది. కర్ర వదిలితే నేను నిలబడలేను.

“ఏం చెయ్యమంటావు?” అన్నాను.

“వాడు నా తమ్ముడు. నన్ను అడగకు,” అంది. ఆఖరి గుండీ పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. “సంతకం పెట్టేముందు నన్ను అడగలేదుగా.”

*

రేవు కార్యాలయంలో పై అంతస్తు గది. కిటికీలోంచి పడవలన్నీ కనబడతాయి. లెఫ్టినెంట్ బెల్త్రామీ బల్ల వెనక, పక్కన రాసే గుమాస్తా. గోడవారన ఇంకో ఏడెనిమిదిమంది పగడాలవాళ్ళు. లుస్సోరియో నా పక్కన కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. ఎదురు బెంచీ మీద సెరఫీనో, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

ఆమె నా ఫిర్యాదు మొత్తం చదివింది. నా మాటలు ఆమె గొంతులో మరీ శుభ్రంగా, మరీ నమ్మదగినట్టు వినబడ్డాయి.

“సెరఫీనోగారూ, తాడు మీరు కోశారా?”

“లేదు.”

“ఆ చోటికి ఎందుకు వెళ్ళారు?”

“గాలి లేచింది. వీళ్ళ పడవ ఇంకా రేవుకి రాలేదు. రేడియో పలకలేదు.”

“సముద్రం పెద్దది. సరిగ్గా అక్కడే ఎలా వెతికారు?”

అతను కిటికీలోంచి పడవలకేసి చూశాడు.

“ఆ రాయి వీళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదని ఫిర్యాదులో ఉంది. మీకెలా తెలుసు? ఈ కేసంతా దీని మీదే ఉంది. దయచేసి చెప్పండి.”

“అది చెప్పను మేడమ్.”

“చెప్పకపోతే మీరు కాపు కాశారనే అనుకోవలసి వస్తుంది. పర్మిట్ పోతుంది.”

“మీ ఇష్టం,” అన్నాడు. టోపీ అంచు వేళ్ళతో సరిచేసుకున్నాడు. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆ వేళ్ళలో కనబడింది. అప్పుడు నాకు అర్థమైంది, అతను ఏం దాస్తున్నాడో, ఎవరికోసం దాస్తున్నాడో.

“ఆంటియోకోగారూ,” అంది ఆమె, “ఈ ఫిర్యాదు మీదేనా? ఇందులో మార్చవలసింది ఏమైనా ఉందా?”

లుస్సోరియో మోకాలు ఆగిపోయింది. నేను బల్ల అంచు పట్టుకుని లేచాను.

“మేడమ్, ఆ తాడు సెరఫీనో కొయ్యలేదు. నేను నీళ్ళలో ఉండగానే మా బావమరిది గిలకతో పైకి లాగేశాడు. ఇంజను చప్పుడు వినబడితే లాగెయ్యమని వాడికి నేర్పింది నేను. కింద మనిషి ఉన్నా సరే, రాయి ముఖ్యమని చెప్పాను. ఆ మనిషిని నేనే కాబట్టి నాకు అది పెద్ద వీరత్వంగా ఉండేది. తర్వాత వాడు తాడు కోసి అబద్ధం చెప్పాడు. అది వాడి తప్పు, వాడే చెబుతాడు. కూర్చోరా, నీ వంతు వస్తుంది. మిగతాదంతా నాది. తాడు పైకి వెళ్ళడం నేను చూశాను. ఆసుపత్రి మంచం మీద కళ్ళు మూసుకున్నప్పుడల్లా పైకే వెళ్ళేది. ఎందుకు పైకి వెళ్ళిందని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు వచ్చేస్తుందని తెలుసు.

“ఆ చోటు ఎలా తెలుసని ఆయన్ని అడిగారు. ఆయన చెప్పడు, నేను చెబుతాను. పదకొండేళ్ళ కింద ఆ రాయి నాకు దొరికింది ఆయన పడవమీదినుంచి దిగినప్పుడే. ఆ రోజు ఆయనకి చెవినొప్పి, నన్నొక్కణ్ణే దింపాడు. అడుగున చూరంతా పగడం. అంత పగడం నేను జన్మలో చూడలేదు. సుత్తి తీసి ఒక కొమ్మ కొట్టాను, మనసు మారి దాన్ని అక్కడే వదిలేశాను. పైకొచ్చి, ఇసుక తప్ప ఏమీ లేదన్నాను. నా వేళ్ళు చలికి కొంకర్లు పోయి ఉంటే గ్లవ్స్ ఆయనే లాగి తీశాడు. వాటిని బకెట్టులో జాడించి నా చేతికిచ్చాడు. ఎందుకు జాడించాడో ఈ రోజుదాకా ఆలోచించలేదు. వాటికి ఎర్రపొడి అంటుకుని ఉంటుంది మేడమ్. ఆయన చూశాడు, కడిగేశాడు, నోరెత్తలేదు. నెల తిరక్కుండా నేను వేరే పడవ కొనుక్కున్నాను. ఈ పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అక్కడ దిగలేదు. దిగి ఉంటే ఆ చూరు కింద నాకు తెలిసేది. ఇప్పుడు ఆ సంగతి చెబితే నా పరువు పోతుందని, తన పర్మిట్ పోగొట్టుకోవడానికి సిద్ధపడి కూర్చున్నాడు.

“మరి ఈ ఫిర్యాదు ఎందుకు చేశారంటారేమో. పడవలో ఆయన ముందే నా బట్టలు మూత్రంతో తడిసిపోయాయి మేడమ్. ఒంటి మీద అదుపు లేదు. నేను ఏడుస్తున్నాను. ఆయన తన కోటు విప్పి నా మీద కప్పి, రేవు వచ్చేదాకా ముఖం అటు తిప్పుకుని పడవ నడిపాడు. ఆ మనిషికి రోజూ ఎదురుపడి నమస్కారం పెట్టాలంటే నావల్ల కాదనిపించింది. ఆయన దొంగ అయితే ఆ బాధ ఉండదు. అందుకే సంతకం పెట్టాను.”